సఫోక్ ముత్తాతల్ని పట్టుకోవడం ఎలా: అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన వంశవృక్షం రెండూ అందాయి. మీ అత్తగారి 80వ పుట్టినరోజుకి ఆవిడ పుట్టింటివారి చెట్టు గీసి ఇవ్వాలన్న ఆలోచన బావుంది. కానీ నువ్వు పంపిన కాగితం మాత్రం ఇంకెవరికీ చూపించకు. ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన చెట్లు కలుపుకుంటూ 1580 దాకా వెళ్ళిపోయావు. అందులో ఒకావిడకి తొమ్మిదో ఏట కొడుకు పుట్టాడు. ఇంకొకాయన పోయిన మూడేళ్ళకి పెళ్ళి చేసుకున్నాడు. ఆ వెబ్‌సైట్లు ఆకు బొమ్మ వేసి "ఈయన మీ తాత కావచ్చు" అని ఊరిస్తాయి. అది సూచనే, సాక్ష్యం కాదు. ఒకడి తప్పుని నలభైమంది కాపీ చేసుకుంటే అది నలభై సాక్ష్యాలైపోదు.

మీ అత్తగారి వాళ్ళు ఇంగ్లండ్ తూర్పున సఫోక్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉత్తర కొసన, వేవెనీ నదికి ఇవతల, బంగీ చుట్టుపక్కల పొలం పనులు చేసుకున్న మనుషులు అన్నావు. అలాంటి కుటుంబానికి ఓపిక పడితే 1750 దాకా గట్టి ఆధారాలతో వెళ్ళొచ్చు. రిజిస్టర్లు బాగా నిలిచిన ఊరైతే 1600ల్లోకి కూడా. అంతకు మించి వెళ్ళామని ఎవరైనా కూలి కుటుంబం గురించి చెబితే కాగితాలు చూపించమని అడుగు.

ఇప్పటినుంచి వెనక్కి, ఒక్కొక్క తరం చొప్పున నడవాలి. 1700లో అదే ఇంటిపేరున్న మనిషిని పట్టుకుని కిందికి దిగుతూ రావాలని చూస్తే దారి తప్పుతావు. పేరు దొరకడం చాలా తేలిక. ఈ విలియమూ ఆ విలియమూ ఒకడే అని తేల్చడం దగ్గరే పనంతా ఉంది.

ముందు ఇంట్లో ఉన్నవి పోగు చెయ్. కుటుంబ బైబిల్ మొదటి పేజీల్లో పుట్టిన తేదీలు రాసుకునే అలవాటు వాళ్ళకి ఉండేది. అంత్యక్రియల కార్డులు, ఫొటోల వెనక రాతలు, సైన్యం కాగితాలు, సమాధి స్థలం రసీదులు కూడా చూడు. మీ అత్తగారిని తీరిగ్గా కూర్చోబెట్టి అడుగు. తేదీలు అడిగితే తడుముకుంటుంది. "మీ అమ్మమ్మ ఏ ఊళ్ళో పోయింది, అంత్యక్రియలకి ఎవరెవరు వచ్చారు" అని అడిగితే మనుషులు బయటికొస్తారు. ఒక చిక్కు ఏమిటంటే మనకి బాబాయి, మావయ్య, పెదనాన్న అని విడివిడిగా ఉన్న చుట్టరికాలన్నీ వాళ్ళ భాషలో ఒకే అంకుల్. అందుకని "నాన్నవైపా, అమ్మవైపా, రక్తసంబంధమా, పెళ్ళి సంబంధమా" అని ప్రతిసారీ అడిగి రాసుకో.

తర్వాత సర్టిఫికెట్లు. ఇంగ్లండ్, వేల్స్‌లో పుట్టుక, పెళ్ళి, చావు ప్రభుత్వం నమోదు చేయడం 1837 జూలై 1న మొదలైంది. జనరల్ రిజిస్టర్ ఆఫీసు సూచికలో సంవత్సరాన్ని నాలుగు త్రైమాసికాలుగా విడగొట్టి ఉంటుంది. అక్కడ కనిపించేది నమోదైన త్రైమాసికం. పుట్టుక నమోదుకి 42 రోజుల గడువుండేది కాబట్టి ఫిబ్రవరి చివర పుట్టిన పిల్ల జూన్ త్రైమాసికంలో కనిపిస్తే కంగారుపడకు. ఆ ఆఫీసు సొంత వెబ్‌సైటులో ఖాతా తెరిస్తే పుట్టుక సూచికలో 1837 నుంచీ తల్లి పుట్టింటిపేరు కనిపిస్తుంది. పాత అచ్చు సూచికల్లో అది 1911 సెప్టెంబర్ త్రైమాసికం నుంచే ఉంటుంది. ఈ తేడా తెలియక చాలామంది ఒక్కో సర్టిఫికెట్టూ కొని డబ్బు తగలేస్తారు. తల్లి పుట్టింటిపేరు పెట్టి వెతికితే పసితనంలోనే పోయి జనాభా లెక్కల్లో ఎక్కడా పడని పిల్లలు కూడా బయటపడతారు. పెళ్ళిళ్ళు మాత్రం ఆ సూచికలో లేవు, వాటికి ఫ్రీబీఎండీ అనే ఉచిత సైటు చూడు.

ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో కూడా చెబుతాను. పుట్టుక సర్టిఫికెట్ అవసరమైతే కాగితం కాపీ వద్దు. తక్కువ ధరకి పీడీఎఫ్ గానీ స్కాన్ చేసిన బొమ్మ గానీ దొరికితే అదే చాలు. చర్చిలో జరిగిన పెళ్ళికైతే జనరల్ రిజిస్టర్ ఆఫీసు కాపీ కొనకు. ఆ చర్చి రిజిస్టరే జిల్లా ఆర్కైవ్స్‌లో ఉంటుంది, అసలు సంతకాలు అందులోనే ఉంటాయి. ఆ ఆఫీసులో ఉన్నది దాని నకలు. ఇంకో మాట. పుట్టుక నమోదు చేయించకపోతే జరిమానా పడే నిబంధన 1875లో గానీ గట్టిగా అమల్లోకి రాలేదు. అంతకు ముందు పల్లెల్లో కొందరు పిల్లలు అసలు నమోదే కాలేదు. సూచికలో లేకపోతే ఆగిపోకుండా చర్చి బాప్తిస్మానికి వెళ్ళు.

పెళ్ళి సర్టిఫికెట్ మీద ఇద్దరి తండ్రుల పేర్లూ వృత్తులూ ఉంటాయి. చూడగానే నమ్మబుద్ధేస్తుంది. పెళ్ళికాని తల్లికి పుట్టినవాడు ఆ గడిలో తాత పేరో మేనమామ పేరో రాయించుకోవడం, లేని తండ్రిని పుట్టించడం మామూలే. తండ్రి పోయినా ఆ మాట రాయకుండా వదిలేస్తారు. వయసు గడిలో "నిండు వయసు" అని ఉంటే 21 దాటిందని చెప్పాడన్నమాట. నిజంగా దాటిందా లేదా అన్నది వేరే సంగతి.

ఇక జనాభా లెక్కలు. ఇక్కడ నిలబడి చూడాల్సింది చాలా ఉంది.

పదేళ్ళకోసారి లెక్కలు 1801లోనే మొదలయ్యాయి గానీ మనుషుల పేర్లతో దేశమంతటికీ దొరికేవి 1841 నుంచి. లెక్క తీసిన తేదీలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకో: 1841 జూన్ 6, 1851 మార్చి 30, 1861 ఏప్రిల్ 7, 1871 ఏప్రిల్ 2, 1881 ఏప్రిల్ 3, 1891 ఏప్రిల్ 5, 1901 మార్చి 31, 1911 ఏప్రిల్ 2, 1921 జూన్ 19. వయసులోంచి పుట్టిన ఏడాది లెక్కకట్టాలంటే ఆ తేదీ కావాలి. 1851లో 45 అని ఉంటే పుట్టింది 1806 అని రాసేస్తారు చాలామంది. నిజానికి 1805 మార్చి 31కీ 1806 మార్చి 30కీ మధ్య. అంటే తొమ్మిది నెలల పైన 1805లోనే పడుతుంది. 1931 లెక్కలు 1942 డిసెంబర్‌లో మంటల్లో పోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. ఆ ఖాళీని 1939 సెప్టెంబర్ 29 నాటి రిజిస్టర్ కొంత పూడుస్తుంది. అందులో పూర్తి పుట్టిన తేదీ ఉంటుంది. తర్వాత పెళ్ళయిన ఆడవాళ్ళ కొత్త ఇంటిపేరు కూడా చాలాచోట్ల పక్కన రాసి ఉంటుంది, మీ అత్తగారి పిన్నులూ పెద్దమ్మలూ అక్కడే పట్టుబడతారు.

1841ది మిగతావాటిలాంటిది కాదు. పదిహేను దాటినవాళ్ళ వయసుని కిందికి ఐదుకి సరిచేసి రాయమన్నారు, అంటే 39 ఏళ్ళవాడు 35 అవుతాడు. కొందరు గణకులు (ఇంటింటికీ తిరిగి లెక్క రాసినవాళ్ళు) ఆ మాట పట్టించుకోక అసలు వయసే రాశారు. చుట్టరికం గడి లేదు, కాబట్టి ఒకే ఇంట్లో ఉన్న ముసలావిడ తల్లో అత్తో పనిమనిషో నువ్వే ఇంకోచోట తేల్చుకోవాలి. పుట్టిన ఊరు లేదు, ఇదే కౌంటీలో పుట్టాడా అన్నదానికి అవును, కాదు, లేదంటే స్కాట్లండ్, ఐర్లండ్, విదేశం అన్న గుర్తు మాత్రమే. పేర్ల పక్కన చిన్న వాలుగీతలు చూడు: ఒక గీత అదే ఇంట్లో ఇంకో కుటుంబం మొదలైందని, రెండు గీతలు ఆ ఇల్లే అయిపోయిందని. ఈ గీతలు చూసుకోక పక్కింటి పిల్లల్ని చెట్టుకి తగిలించిన వాళ్ళు ఎందరో. పైగా అది పెన్సిల్‌తో రాసింది, బొమ్మలో వెలిసిపోయి ఉంటుంది.

1851 నుంచి ఇంటిపెద్దకి చుట్టరికం, పెళ్ళయిందా లేదా, వయసు, వృత్తి, పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరు) ఉంటాయి. 1901 దాకా మనం చూసేది ఇంటివాళ్ళు నింపిన కాగితం కాదు, గణకుడు దాన్ని చూసి పుస్తకంలో ఎక్కించిన నకలు. చదువురాని ఇంట్లో వాళ్ళు నోటితో చెప్పింది అతను తన చెవికి విన్నట్టు రాశాడు. మొదటి హకారం మింగేసే యాస అయితే హారిస్ కాస్తా ఆరిస్ అవుతుంది, సూచికలో ఏ అక్షరం కింద వెతకాలో ఊహించుకో. ఇంటిపేరుతో దొరకకపోతే ఇంటిపేరు తీసేసి మొదటి పేరు, వయసు, పుట్టిన ఊరు మాత్రం పెట్టి వెతుకు. ఇల్లాలికీ పిల్లల్లో ఒకళ్ళకీ అరుదైన పేరుంటే దాంతో పట్టు. 1911లో మాత్రం ఇంటిపెద్ద స్వయంగా నింపిన కాగితమే మిగిలింది. అందులో పెళ్ళయి ఎన్నేళ్ళు, ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు అన్నది కూడా ఉంటుంది. మీ అత్తగారి నాయనమ్మ గడిలో తొమ్మిది, ఆరు, మూడు అని ఉందన్నావు. నీ చెట్టులో ఆరుగురే ఉన్నారు. ఆ పోయిన ముగ్గురినీ పేర్లతో పట్టుకునేదాకా ఆ తరం పూర్తయినట్టు కాదు. 1921లో యజమాని పేరు కూడా ఉంటుంది, కాబట్టి ఏ రైతు దగ్గర పనిచేశాడో తెలుస్తుంది.

ఆ కాలపు మాటలు ఇప్పటి అర్థంలో చదవకు. సన్ ఇన్ లా అని ఉంటే అల్లుడు అనుకుంటాం. ఆ రోజుల్లో సవతి కొడుకుని కూడా అలాగే రాసేవారు. పదేళ్ళ కుర్రాడి పక్కన ఆ మాట కనిపిస్తే తల్లికి అది రెండో పెళ్ళి అన్నమాట. రిజిస్టర్లలో సీనియర్, జూనియర్ అని ఉంటే తండ్రీకొడుకులే కానక్కర్లేదు, ఊళ్ళో ఆ పేరున్న పెద్దవాడూ చిన్నవాడూ అంతే.

పుట్టిన ఊరి గడి గురించి మీ ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కొకటుంది. బంగీకి దక్షిణంగా ది సెయింట్స్ అని పిలిచే ఊళ్ళ గుంపు ఉంది కదా. సౌత్ ఎల్మ్‌హామ్ పేరుతో సెయింట్ మార్గరెట్, సెయింట్ మైకేల్, సెయింట్ జేమ్స్, ఇంకా కొన్ని. ఇల్కెట్‌షల్ పేరుతో సెయింట్ ఆండ్రూ, సెయింట్ జాన్, సెయింట్ లారెన్స్, మళ్ళీ ఇంకో సెయింట్ మార్గరెట్. గణకుడు "సెయింట్ మార్గరెట్" అని రాసి ఊరుకుంటే అది రెంటిలో ఏదో చెప్పలేవు, రెండు రిజిస్టర్లూ చూడాల్సిందే. నది దాటితే నార్ఫోక్, హార్ల్‌స్టన్ సంత ఆ ఒడ్డునే. పెళ్ళిళ్ళకీ పనులకీ ఆ నది అడ్డం కాదు, రికార్డులకి మాత్రం అడ్డమే: ఇవతలివి ఇప్స్‌విచ్‌లో, అవతలివి నార్విచ్‌లో. పైగా 1914లో కొత్త డయాసిస్ (ఒక బిషప్ కిందుండే ప్రాంతం) ఏర్పడేదాకా సఫోక్ తూర్పు భాగం నార్విచ్ బిషప్ కిందే ఉండేది. అందుకే పెళ్ళి లైసెన్సులు, బిషప్‌కి పంపిన నకళ్ళు, కొన్ని వీలునామాలు నార్విచ్‌లో వెతకాలి. పనిలోకి దిగే ముందే స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం సైటులో ఉచితంగా దొరికే, మైలుకి ఆరంగుళాల కొలతతో గీసిన పాత మ్యాపు తీసి, మీ ఊరి చర్చి చుట్టూ ఐదు మైళ్ళ వలయం గీసి, అందులో పడిన పారిష్‌లన్నీ జాబితా రాసుకో. ఇరవై పైనే వస్తాయి. మన వెతుకులాటంతా ఆ వలయంలోనే.

ఇప్పుడు పారిష్ రిజిస్టర్లు. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో మొదలయ్యాయి. మొదట్లో విడి కాగితాల మీద రాసినవాటిని తోలుపత్రాల మీదికి ఎక్కించమని, ఏటా బిషప్‌కి ఒక నకలు పంపమని 1598లో ఉత్తర్వు వచ్చింది. మొదటి ఎలిజబెత్ రాణి పాలన మొదలైన దగ్గర్నుంచి అయినా ఎక్కించమన్నారు, అందుకే చాలా ఊళ్ళ రిజిస్టర్లు 1558తో మొదలవుతాయి. అంతర్యుద్ధ కాలంలో, 1642 నుంచి 1660 దాకా, చాలాచోట్ల గుంట పడింది. అక్కడ చెట్టు విరిగిపోతే నీ తప్పు కాదు. ఒక పేజీ చినిగినా ఎలకలు కొట్టినా బిషప్ నకలు చూడు. రెండూ ఉన్నా రెండూ చూడు, ఒక దాంట్లో లేని మాట ఇంకో దాంట్లో ఉంటుంది.

ఎక్కడ ఏ వివరం మొదలవుతుందో తెలిస్తే ఆశ హద్దులో ఉంటుంది. 1754 మార్చి 25 నుంచి పెళ్ళిళ్ళకి విడి రిజిస్టర్, వధూవరుల సంతకాలు లేదా గుర్తులు, సాక్షుల సంతకాలు. అంతకు ముందు చాలావరకు రెండు పేర్లూ తేదీ మాత్రమే. 1813 జనవరి 1 నుంచి బాప్తిస్మానికీ ఖననానికీ అచ్చు ఫారాలు: బాప్తిస్మంలో తండ్రి వృత్తి, నివాసం, ఖననంలో వయసు, నివాసం. ఆ తేదీకి ముందు ఖననంలో వయసు ఉంటే అదృష్టమే. మన సీఎస్ఐ చర్చిల్లో మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదువుతారు కదా, ఆ పద్ధతి అక్కడిదే. వరుడిదీ వధువుదీ వేరే ఊళ్ళయితే రెండు చర్చిల్లోనూ ప్రకటన పుస్తకంలో ఎక్కుతుంది. పెళ్ళి మామూలుగా అమ్మాయి ఊళ్ళో. కాబట్టి మీ ఊళ్ళో పెళ్ళి దొరక్కపోతే ప్రకటనల పుస్తకం చూస్తే అమ్మాయి ఊరు తెలుస్తుంది. మొదటి కాన్పు బాప్తిస్మం కూడా తరచు అమ్మగారి ఊళ్ళోనే, ఈ ముక్క నీకు విడమర్చి చెప్పక్కర్లేదు.

1752కి ముందు వాళ్ళ సంవత్సరం మార్చి 25న మారేది, దాదాపు మన ఉగాది వేళకి. రిజిస్టర్‌లో 1710 మేలో పెళ్ళి, 1710 ఫిబ్రవరిలో బిడ్డ బాప్తిస్మం అని ఉంటే పెళ్ళికి ముందే బిడ్డ అనుకోకు. ఆ ఫిబ్రవరి మే తర్వాత వచ్చిన ఫిబ్రవరి, మన లెక్కకి 1711. అందుకే అలాంటి తేదీని 1710/11 అని రాయాలి. 1752లో సెప్టెంబర్ 2 తర్వాతి రోజు 14 అయింది, మధ్యలో పదకొండు రోజులు లేవు. 1783 అక్టోబర్ నుంచి 1794 దాకా ప్రతి ఎంట్రీకి మూడు పెన్నీల పన్ను ఉండేది, పేదలకి మినహాయింపు. ఆ పన్ను తప్పించుకోవడానికి 1783 సెప్టెంబర్‌లో గబగబా పిల్లలందరికీ ఒకేరోజు బాప్తిస్మం ఇప్పించిన కుటుంబాలున్నాయి. ఒకే తేదీన నలుగురు పిల్లలు కనిపిస్తే కవలలు కారు. బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా ఎప్పుడూ రాయకు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. అనుకో, విలియం అనే కూలి 1841లో 35, 1851లో 45, 1861లో 55. పుట్టిన ఊరు 1851లో సెయింట్ మైకేల్, 1861లో మూడు మైళ్ళ అవతలి ఇంకో ఊరు. సెయింట్ మైకేల్ రిజిస్టర్ తీస్తే 1805 నవంబర్‌లో జేమ్స్, సారాల కొడుకు విలియం బాప్తిస్మం. ఇంటిపేరు కలిసింది, వయసు మూడు లెక్కల్లోనూ అతికింది. నీలాంటివాళ్ళు ఇక్కడ పెన్ను తీసి చెట్టులో ఎక్కించేస్తారు. ఆగు. ముందు ఖననాల వైపు తిప్పి 1805 నుంచి కనీసం పదిహేనేళ్ళు చదువు. 1807లో "విలియం, జేమ్స్ సారాల పసివాడు" అని కనిపిస్తే ఆ మనిషి 1841లో ఎలా ఉంటాడు? ఇప్పుడు 1861 చెప్పిన రెండో ఊరికి వెళ్ళు. 1806 ఏప్రిల్‌లో జాన్, మేరీల కొడుకు విలియం. నెల పసివాడప్పుడు బాప్తిస్మమైతే మార్చిలో పుట్టాడు, మూడు వయసులూ వీడికీ అతుకుతాయి. అంటే వయసు చూసి ఇద్దర్నీ వేరు చేయలేవు, ఖననమూ రెండో ఊరి పేరూ వేరు చేశాయి. అక్కడితో సరిపోదు. విలియం పెళ్ళికి సాక్షి ఎవరు? జాన్, మేరీల ఇంకో పిల్లవాడి పేరు అక్కడ ఉందా? విలియం పెద్దకొడుకు జానేనా? మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టినట్టు వాళ్ళూ తరచు పెట్టేవారు. అది నియమం కాదు గానీ తూకంలో కాస్త మొగ్గు. జాన్, మేరీలు సెయింట్ మైకేల్‌కి ఎప్పుడు మారారు? వాళ్ళ తర్వాతి పిల్లల బాప్తిస్మాలు అక్కడుంటే, విలియం పెరిగిన ఊరు 1851లో చెప్పాడు, పుట్టిన ఊరు 1861లో చెప్పాడు అని లెక్క తేలుతుంది. చివరిగా, వలయంలోని మిగతా ఊళ్ళన్నిటిలో 1803 నుంచి 1808 దాకా ఆ పేరుతో మూడోవాడు లేడని కూడా చూడాలి. అభ్యర్థులందర్నీ వరసగా కొట్టేయగా మిగిలినవాడే మనవాడు.

ఇంకో ఉచ్చు. ఒక బిడ్డ పోతే తర్వాతి బిడ్డకి అదే పేరు మళ్ళీ పెట్టేవారు. ఒకే తల్లిదండ్రులకి ఇద్దరు మేరీలు కనిపిస్తే మొదటిదాని ఖననం వెతుకు, రెండోదే బతికింది.

రాత చదవడం గురించి. అచ్చుకెక్కించిన సూచికతో సరిపెట్టుకోకుండా బొమ్మ తీసి చూడు. ఎఫ్ అక్షరం రెండుసార్లు రాసినట్టుంటే అది పెద్ద ఎఫ్ మాత్రమే. మాట మధ్యలో ఎఫ్‌లా నిలువుగా ఉన్నది పొడుగు ఎస్. జె, ఎన్, ఓ అని మూడక్షరాల కుదింపు జాన్, జొనాథన్ కాదు. పాలీ అంటే మేరీ, పెగ్గీ అంటే మార్గరెట్, ప్యాటీ అంటే మార్తా కావచ్చు. నాన్సీ, ఆన్ ఒకే మనిషి కావచ్చు. 1733కి ముందు కొన్ని రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటాయి, గులియెల్మస్ విలియం, జాకోబస్ జేమ్స్. ఒక మాట పోల్చుకోలేకపోతే అదే పేజీలో అదే చెయ్యి రాసిన తెలిసిన మాటలు, అంటే నెలల పేర్లు, ఊరి పేరు తీసుకుని ఆ అక్షరాలు వరసగా ఒక కాగితం మీద గీసుకో. పావుగంట పని, తర్వాత వంద పేజీలు చదవొచ్చు.

కూలి కుటుంబాలకి వీలునామాలు అరుదు. అయినా ఒకసారి చూడు. 1858 జనవరి 12కి ముందు చర్చి కోర్టుల్లో, ఆ తర్వాత ప్రభుత్వం దగ్గర. పెళ్ళికాని మేనత్త ఎవరైనా నాలుగు దుప్పట్లు మేనల్లుళ్ళకి రాసిపోతే ఒక తరం మొత్తం పేర్లతో సహా దొరుకుతుంది.

పేదవాళ్ళకి అసలు నిధి పేదల చట్టం కాగితాలు. 1662 చట్టం ప్రకారం ప్రతి మనిషికీ ఒక సొంత పారిష్ ఉండాలి. సాయం అడిగితే ఆ పారిషే పెట్టాలి. వేరే ఊళ్ళో ఆపదలో పడితే ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి అడుగుతారు: ఎక్కడ పుట్టావు, ఏ వయసులో ఎవరి దగ్గర పాలేరుగా చేరావు, జీతమెంత, ఎన్నాళ్ళున్నావు, పెళ్ళెక్కడ, పిల్లలెందరు. ఆ వాంగ్మూలం దొరికిందంటే చదువురాని మనిషి ఆత్మకథ ఒక పేజీలో దొరికినట్టే. పెళ్ళికాని పాలేరు ఏడాది నిండా పనిచేస్తే ఆ ఊరు సొంత ఊరవుతుంది. అందుకే కొందరు రైతులు సెప్టెంబర్ 29న మొదలుపెట్టే ఏడాది ఒప్పందాన్ని కావాలనే యాభైయొక్క వారాలకి కుదించేవారు, ఆ మాట కూడా వాంగ్మూలాల్లో కనిపిస్తుంది. పెళ్ళికాని తల్లి బిడ్డకి తండ్రెవరో బాప్తిస్మంలో ఉండదు గానీ, పోషణ ఖర్చు ఊరి మీద పడకుండా ఓవర్సీర్లు (పారిష్‌లో పేదల సాయం చూసేవాళ్ళు) ఆ తండ్రి చేత రాయించుకున్న బాండు ఉండొచ్చు. బిడ్డ మధ్య పేరుగా ఏదైనా ఇంటిపేరు కనిపిస్తే దాన్నీ అనుమానించు. ఇవన్నీ ఆన్‌లైన్‌లో అంతగా ఉండవు. ఇప్స్‌విచ్‌లో సఫోక్ ఆర్కైవ్స్ వాళ్ళ ది హోల్డ్ అనే భవనానికి వెళ్ళి, ఆ పారిష్ జాబితాలో ఓవర్సీర్ల కాగితాలు ఏం నిలిచాయో అడుగు. 1834 తర్వాత పేదల సాయం కోసం కొన్నేసి పారిష్‌లు కలిసి యూనియన్లయ్యాయి. సెయింట్స్ ఊళ్ళది వాంగ్‌ఫర్డ్ యూనియన్, దాని వర్క్‌హౌస్ (గతిలేనివాళ్ళని ఉంచి పనిచేయించే ఇల్లు) షిప్‌మెడోలో. ముసలివాళ్ళు 1851, 1861 లెక్కల్లో ఊళ్ళో లేకపోతే అక్కడ వెతుకు. 1835 నుంచి 1837 దాకా సఫోక్ కూలి కుటుంబాల్ని లాంకషైర్ మిల్లులకి పంపారు కూడా. ఒక కొమ్మ మొత్తం మాయమైతే మాంచెస్టర్ వైపు చూడు.

కుటుంబం ఊరి చర్చి బదులు చాపెల్‌కి (అధికార చర్చి కాని వేరే శాఖవాళ్ళ ప్రార్థనాలయానికి) వెళ్ళేదైతే బాప్తిస్మాలు ఊరి రిజిస్టర్‌లో ఉండవు. 1837 తర్వాత ప్రభుత్వానికి అప్పగించిన చాపెల్ రిజిస్టర్లు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 వరసలో ఉన్నాయి. అయినా 1754 నుంచి 1837 దాకా వాళ్ళ పెళ్ళి మాత్రం పారిష్ చర్చిలోనే, ఒక్క క్వేకర్లకీ (అదొక క్రైస్తవ శాఖ) యూదులకీ తప్ప. 1836 చట్టం తర్వాత, పంటలో చర్చికి ఇచ్చే పదోవంతు లెక్కకోసం గీసిన టైత్ మ్యాపులూ చూడు. ఏ ఇల్లు ఎవరిది, అందులో ఎవరున్నారు, పక్క పొలం పేరేమిటి అన్నీ ఉంటాయి. 1841 లెక్కల్లో ఇంటి నంబరు లేకపోయినా గణకుడు నడిచిన దారి ఆ మ్యాపు మీద గీసుకుంటే ఇల్లు ఎక్కడో తేలుతుంది.

ఒక తాత సైన్యంలో మద్రాసు వచ్చాడని మీ ఆయన అన్నాడన్నావు. అలాగైతే పిల్లల బాప్తిస్మాలు మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి నకళ్ళలో ఉండొచ్చు. అవి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 వరస. 1881 లెక్కల్లో ఎవరి పుట్టిన ఊరైనా ఈస్ట్ ఇండీస్ అనో సికింద్రాబాద్ అనో ఉందేమో ముందు చూడు. లేకపోతే ఆ కథని కథగానే ఉంచు.

డబ్బు కట్టే ముందు ఏ కౌంటీ రిజిస్టర్ బొమ్మలు ఏ కంపెనీ దగ్గరున్నాయో చూసుకో. ఎసెక్స్ లాంటి కౌంటీకి సొంత సైటే ఉంది. మీ ఊరి గ్రంథాలయంలో డబ్బు కట్టి చూసే పెద్ద సైట్లలో ఒకటి ఉచితంగా చూడనిస్తారేమో అడుగు, చాలాచోట్ల ఇస్తారు. ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్, ఫ్రీసెన్ అనే సైట్లు ఉచితం. సూచికలో లేదంటే రిజిస్టర్‌లో లేదని కాదు. ఆ ఊరి ఏ ఏళ్ళు సూచికలోకి ఎక్కాయో ముందు చూడాలి.

నోటు పుస్తకంలో ప్రతి మనిషికీ ఒక పేజీ. దొరికిన ప్రతి ముక్క పక్కన ఎక్కడ చూశావో రాయి: లెక్కలైతే ఆర్‌జీ 9 (1861ది) లాంటి వరస, పీస్ (కట్ట), ఫోలియో (ఆకు), పేజీ నంబర్లు. రిజిస్టర్ అయితే పారిష్, ఆర్కైవ్స్ నంబరు, అసలా నకలా. దొరకనిది కూడా రాయి, "ఫలానా ఊరు బాప్తిస్మాలు 1803–1808, అసలు బొమ్మలు, లేదు" అని. లేకపోతే ఆర్నెల్ల తర్వాత ఆ పేజీలే మళ్ళీ తిప్పుతావు. రుజువైన గీత సిరాతో, అనుమానమున్న గీత పెన్సిల్‌తో గీయి. పుట్టినరోజు కానుకలో పెన్సిల్ గీతలు ఉన్నా మీ అత్తగారు ఏమీ అనుకోరు.

ముందుగా ఆవిడ అమ్మానాన్నల పెళ్ళి సర్టిఫికెట్, 1921 లెక్కల పేజీ, 1911 కాగితం, ఈ మూడూ బొమ్మలు తీసి పంపు. ఆ పోయిన ముగ్గురు పిల్లల పేర్లు తల్లి పుట్టింటిపేరుతో నువ్వే సూచికలో వెతికి పెట్టుకో. తేడా ఎక్కడొచ్చిందో నేను చూసి చెబుతాను.

మీ ఆయనకీ పిల్లలకీ ఆశీస్సులు, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

పెదనాన్న